ఎవరూ ముట్టుకోని రంగు

పళ్ల డాక్టరు అందించిన కార్డుల కట్ట తడిగా ఉంది. అది చెమటో, కన్నీళ్లో, ఇందాక అందరూ ఒకే గిన్నెలో చేతులు పెట్టి తిన్న చిప్స్ తాలూకు నూనో, తేల్చుకోవాలని మాస్టారుకు అనిపించలేదు. రెండు వేళ్ల కొసలతో అందుకుని, ఒళ్లో పరుచుకున్న చేతిరుమాలు మీద ఆనించి, ఒక్కొక్కటే జరిపి చూస్తున్నారు. ప్రతి కార్డుకూ పల్చటి ప్లాస్టిక్ తొడుగు ఉంది. ఆ తొడుగులన్నీ ఆయన భార్య వేసినవే. భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఒక్కో కార్డునూ దీపానికెత్తి చూసి, దుమ్ము ఊది, తొడుగులోకి జార్చి, బొటనవేలితో నొక్కి లోపలి గాలి తీసేసేది. అంటే ప్రతి తొడుగు మీదా ఎక్కడో ఒకచోట ఆమె బొటనవేలి ముద్ర ఉండి ఉండాలి, నిన్నటి దాకా ఉండే ఉంటుంది, ఇప్పుడు దాని మీద డాక్టరు వేలు, డాక్టరుకు ముందు మరెవరిదో వేలు, ఒకరి జిడ్డు మీద ఒకరి జిడ్డు, తుడిచేస్తున్నామని తెలియకుండానే తుడిచేస్తున్నారు, పైగా ముక్కులు ఎగబీలుస్తున్నారు, ముక్కు తుడుచుకున్న చేత్తోనే కార్డు తీస్తున్నారు. ఇంటికెళ్లి చేతులు కడుక్కోవాలి. ముందు కార్డు ఏరాలి.

కార్డులాటల సరుకు అమ్మే షాపు వెనక గది ఇది. కిటికీ ఉంది గానీ అట్టపెట్టెలు అడ్డం పేర్చారు, మధ్యాహ్నం పూట కూడా దీపాలే. నేల మీది తివాచీ ఎప్పుడో తడిసి ఎప్పుడూ సరిగ్గా ఆరని వాసన. ఆదివారాలు ఆమె ఇక్కడే గడిపింది, ఈ వాసన బట్టలకు పట్టుకుని ఇంటికి వచ్చేది, తలుపు దగ్గరే ఆగమని తను అనేవాడు, ఆమె ఆగేది కాదు. ఆట సంగతి తనకు తెలుసు, ఈ గది సంగతే తెలియదు. బల్ల చుట్టూ ఎనిమిది మంది, ఒక్కొక్కరి ముందూ మూడేసి కట్టలు. అందరూ ఒకేసారి తలో కట్ట విప్పి, కావలసిన ఒక్క కార్డు తీసుకుని మిగిలినవి పక్కవాళ్లకు అందించాలి. పక్కవాళ్లు మళ్లీ ఒకటి తీసుకుని అవతలికి పంపాలి. అలా కట్టలు బల్ల చుట్టూ తిరుగుతూ తిరుగుతూ చిక్కిపోతాయి, చివరికి ఎవరికీ అక్కర్లేని కార్డు ఎవరి చేతికొస్తే వాళ్ల నెత్తిన పడుతుంది. మొదటి కట్టలు ఎడమకు, రెండోవి కుడికి, మూడోవి మళ్లీ ఎడమకు. ఏరుకున్నవాటితో ఎవరి డెక్కు, అంటే ఆడే కట్ట, వాళ్లు కట్టుకుని అప్పుడు ఆడతారు. దీన్నే డ్రాఫ్ట్ అంటారు. సగం ఆట ఏరుకోవడంలోనే అయిపోతుందనేది ఆమె. పక్కవాడు ఏం పంపాడో కాదు మాస్టారూ, ఏం పంపలేదో చూడండి, అనేది. తనకు కావలసిన రంగు పక్కవాళ్లకు ఒక్క పీసు కూడా దక్కకుండా మొదట్లోనే కోసేసేదట, అందుకని ఇక్కడ అందరూ ఆమెను కత్తెరక్క అంటారు. ఆ సంగతి మాస్టారుకు ఆమె పోయాకే తెలిసింది. ఇంత వయసొచ్చిన పళ్ల డాక్టరు ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడి, కత్తెరక్క ఇక లేదా అని ఏడ్చాడు. ఎవరో అనుకుని తలుపు వేయబోయారు మాస్టారు.

ఈ కార్డులన్నీ ఒకే పెట్టెలోవి. ఆమె పనిచేసిన కళ్లజోళ్ల షాపులో అద్దాలు వచ్చే అట్టపెట్టె అది, గళ్లు గళ్లుగా ఉంటుంది. ఎక్కడెక్కడో దొరికిన కార్డుల్లోంచి ఏళ్ల తరబడి ఏరి ఏరి, ఒకటి తీసి ఒకటి పెట్టి, ఏ కార్డు ఎవరి చేతిలో పడితే ఏమవుతుందో ఆలోచించి కట్టిన పెట్టె. పగలంతా రాపిడి చక్రం దగ్గర నిలబడి పరాయివాళ్ల కళ్లకు అద్దాలు అరగదీసి, సాయంత్రం ఇంటికొచ్చి ఇదీ అలాగే అరగదీసేది. ఆదివారం ఇక్కడికి తెచ్చి పంచేది, ఆడేవాళ్లు, ఆట అయ్యాక ప్రతి కార్డూ తిరిగి పెట్టెలోకి వెళ్లాలి, అదే కట్టుబాటు. ఈ ఒక్క రోజు ఆ కట్టుబాటు లేదు. ఇవాళ ఎవరు ఏరుకున్నవి వాళ్లే ఇంటికి పట్టుకెళ్తారు. ఆ మాట తెచ్చినవాడు బావమరిది, ఆమె తమ్ముడు. "అక్క గుర్తుగా తలా కొంచెం ఉంటుంది బావా," అన్నాడు. తలా కొంచెం. ప్రసాదం పంచినట్టు కాదు, ఎవరిదో పొలం మీద పడి కోసుకుపోయినట్టు వినిపించింది ఆ మాట. అయినా అలాగే అన్నారు మాస్టారు. ఆ రోజుల్లో ఎవరేం అడిగినా అలాగే అంటున్నారు. శాలువా తీసుకోనా అని తన చెల్లెలు అడిగితే అలాగే, సంతాపసభ పెడతామని హెడ్మాస్టరు అంటే అలాగే. ఆ సభలో 'తీరని లోటు' అని ఆరుగురు అన్నారు. పిల్లల వ్యాసంలో ఆ మాట కనిపిస్తే ఎర్ర సిరాతో కొట్టేస్తాడు తను. మౌనం పాటించిన నిమిషంలో వెనక బెంచీలో ఎవరో పిల్ల కిసుక్కుమంది, ఆ రోజంతటికీ శుభ్రంగా వినిపించిన శబ్దం అదొక్కటే.

అలాగే అన్నాక రాకుండా ఉండవచ్చు. వచ్చిందెందుకంటే ఆమె కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారని. అంతే. కుర్చీ చేతి మీద చీలిక ఉంది, కూర్చోగానే మోచేయి గీసుకుంది, ఆమె మోచేతి మీద ఎప్పుడూ ఉండే ఎర్రటి గీత దీనిదే కాబోలు.

చేతిలోని కట్టలో మంచివి ఉన్నాయి. మరీ మంచివి. ఎర్ర రంగు వాటిలో నిప్పుల గుర్రం ఉంది, నీలం వాటిలో వరద ఉంది, ఇంతటి కార్డు డాక్టరు వదిలాడంటే తెలియక వదల్లేదు. జాలిపడి వదిలాడు. పాపం మాస్టారు తీసుకుంటాడులే అని. తల ఎత్తితే డాక్టరు నిజంగానే అటే చూస్తున్నాడు, తడి కళ్లతో, తీసుకోండి తీసుకోండి అన్నట్టు. బల్ల చుట్టూ చూశారు. ఒకడు కార్డు తీసి పెదాలకు ఆనించుకుంటున్నాడు. ఒకావిడ తనకు దొరికిన దాన్ని పక్కావిడకు చూపించి, కత్తెరక్క దీంతోనే నన్ను ఓడించింది, ఇది నేను పటం కట్టించుకుంటాను అంటోంది. చచ్చినవాడి కళ్లు చారెడంటారు, బతికున్నన్నాళ్లూ కళ్లే ఎరగనివాళ్లు కూడా అలాగే అంటారు. ఆడడానికి కాదు వీళ్లు ఏరుకుంటున్నది, దాచుకోవడానికి. ఆమె ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన గోడలోంచి తలో ఇటుకా పీక్కుంటున్నారు, పీకే ముందు ఇటుకను ముద్దు పెట్టుకుంటున్నారు. నిప్పుల గుర్రం వద్దు. వరద వద్దు. ఇందులో వీళ్లెవరూ ముద్దు పెట్టుకోనిది ఏమైనా ఉందా అని చూశారు. జలగ ఉంది. బూడిద రంగు కార్డు, మధ్యలో నల్లగా, తళతళలాడుతూ, ఉబ్బి. దాన్ని తీసుకుని మిగతావి ఎడమ పక్కనున్న బావమరిదికి జరిపారు.

బావమరిది వేలు నాలుకకు అద్దుకుని కట్ట విప్పాడు. అదీ వాడి అలవాటు. వాడిది కాదు, ఆ ఇంటి అలవాటు. ఆమెదీ అదే. పుస్తకం పేజీ తిప్పినా, కార్డు తీసినా, ముందు వేలు నాలుక మీదికి వెళ్లేది. ఎన్ని ఏళ్లు చెప్పాడు తను. బ్యాంకుల్లో నోట్లు లెక్కపెట్టేవాళ్ల దగ్గర ఉండే తడి స్పాంజి డబ్బా ఒకటి కొని తెచ్చి బల్ల మీద పెట్టాడు కూడా. ఎంత బాగుందో అని మెచ్చుకుని, దాన్ని కిటికీలో పెట్టి అందులో మెంతులు మొలకెత్తించింది. బావమరిదికి ఎవరూ డబ్బా కొనిపెట్టలేదు కనక ఎంగిలి చేసిన కార్డులే వీళ్లందరికీ వెళ్తున్నాయి, ఎవరికీ పట్టలేదు. ఆట మొదలు కాకముందు గది అంతా వాడి గొంతే. "బావా, గుడ్లగూబ కనబడితే మాత్రం నా వైపు తోలండి. మిగతా అడివంతా మీరే మేయండి," అన్నాడు అందరూ వినేలా, అందరూ నవ్వారు. గుడ్లగూబ ఆమెకు ఇష్టమైన కార్డు. పెద్ద పెద్ద కళ్లు, కళ్లజోడు పెట్టినట్టు చుట్టూ వలయాలు, నా కస్టమర్ అనేది. దాని మీద కన్నేశాడన్నమాట. అక్క పోయి ఎన్నాళ్లో కాలేదు, గట్టిగా అరిచి మరీ అడుగుతున్నాడు, పంక్తిలో కూర్చుని నెయ్యి ఇటు వేయమన్నట్టు.

తర్వాతి కట్టలో చిమట ఉంది, తీశారు. ఆ తర్వాత పేడపురుగు. ఆ తర్వాత బూజు. పక్కవాళ్లెవరూ బూడిద రంగు ముట్టుకోవడం లేదు, ఎప్పుడూ ముట్టుకోరు, ఆమె చెప్పేది. చూడ్డానికే రోత, బలమూ తక్కువ, విడిగా చూస్తే ఒక్కటీ పనికొచ్చేలా ఉండదు. అందుకే నా దాపరికం అక్కడ పెట్టాను మాస్టారూ అంది ఒక రాత్రి అన్నం తింటూ, అన్నం తింటున్నప్పుడే చెప్పింది, జలగలూ పురుగులూ అని, ముద్ద దిగలేదు. తినే బల్ల మీదే కార్డులు పరిచి చూపించింది. ఈ రోత పురుగుల్లో ఒక్కోటీ ఎందుకూ పనికిరాదు, అన్నీ ఒకచోట చేరితే మాత్రం వాటిని ఆపేవాడు లేడు. జలగ వచ్చి ఎదుటివాడి ప్రాణంలోంచి ఒక్క పాయింటు తాగుతుంది, చస్తుంది. చిమట వచ్చి ఒకటి కొరుకుతుంది, చస్తుంది. అక్కడే అందరూ వీటిని తీసిపారేస్తారు. కానీ పెట్టె మొత్తానికీ పెంటకుప్ప అని ఒక్క కార్డుంది, అది గనక బల్ల మీదికి వస్తే చచ్చిన పురుగల్లా మళ్లీ లేస్తుంది. మళ్లీ తాగుతుంది, మళ్లీ చస్తుంది, మళ్లీ లేస్తుంది. ఈ డెక్కు ఇందులో ఉందని ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు, చెప్పకండి, వాళ్లంతట వాళ్లు కనిపెట్టాలి, అంది. తను ఎవరికి చెబుతాడు. తనకు తెలిసిన మనుషులంతా ఎక్కాలు నేర్చుకునేవాళ్లే.

దాన్ని మెరుగుపెట్టుకోవడానికి ఆమెకు ఓడిపోయే మనిషి కావాలి, ఆ మనిషి తను. రోజూ రాత్రి భోజనాలయ్యాక బల్ల తుడిచి కూర్చోవడం. తన ముందు ఇరవై ముఖాల పాచిక, అదే తన ప్రాణం. ఆమె నాలుకకు వేలు అద్దుకుని జలగను తీసి బల్ల మీద పెట్టి, ఒక చుక్క మాస్టారూ, అనేది. తను పాచిక ఒక ముఖం తిప్పేవాడు. మళ్లీ జలగ. ఒక చుక్క. ఛీ, దాన్ని అటు తిప్పి పెట్టు, బొమ్మ కనబడకుండా, అనేవాడు. ఆమె ఇంకాస్త దగ్గరికి జరిపేది. గెలిచేదాకా జరిపి, గెలిచాక లేచి వెళ్లి కాగితం లేకుండా బుర్రలోనే లెక్క వేసుకుంటూ గిన్నెలు తోమేది, చిమటలు ఒకటి ఎక్కువయ్యాయి మాస్టారూ, బూజు ఒకటి తగ్గింది మాస్టారూ. ఒక్కసారీ తను ఆ డెక్కు చేత్తో పట్టుకోలేదు. ఎదురుగా కూర్చోవడమే. దాని నడక అంతా తెలుసు, ముందు నుంచి, ఎద్దు పోటు తిన్నవాడికి కొమ్ము తెలిసినట్టు.

అది తలుచుకున్నాక వేళ్లు తమంతట తాము ఏరడం మొదలుపెట్టాయి. ఇంతసేపూ అసహ్యంతో ఏరినవి ఇప్పుడు లెక్కతో ఏరుతున్నాయి. జలగలు ఇన్ని, చిమటలు ఇన్ని, బొద్దింక వద్దు, ఆమె బొద్దింకను తీసేసింది చివర్లో. పెట్టె ఎలాగూ చెదిరిపోతోంది. ఎర్రవి ఒకడింటికి, నీలాలు ఒకతె ఇంటికి, గోడకు పటాలుగా, పర్సుల్లో తాయెత్తులుగా పోతాయి. పోనీ. కానీ దాని లోపల ఆమె దాచిన ఈ ఒక్కటీ ఎవరికీ కనబడదు కనక ఎవరూ ముట్టుకోరు కనక, చెదరకుండా తన చేతికి వస్తుంది. కావలసిందల్లా పెంటకుప్ప. అది లేకపోతే ఇవన్నీ ఉత్త చచ్చిన పురుగులు. కట్ట వచ్చినప్పుడల్లా గుండె కొంచెం గట్టిగా కొట్టుకుంది, అది గమనించి మాస్టారుకు తన మీద తనకే రోత పుట్టింది. నీకూ కావాలన్నమాట. నువ్వూ నాలుక చాపావన్నమాట. వీళ్లు ఇటుకలు పీక్కుంటున్నారు, నువ్వు పునాది తవ్వుకుంటున్నావు.

రెండో కట్టలు కుడికి తిరిగాయి, అంటే ఇప్పుడు తనకు వచ్చేవి బావమరిది చేతుల్లోంచి. ఎంగిలి చేయి. రుమాలు మడత మార్చారు. మొదటి కట్టలో బూడిద రంగు ఒక్కటే, అదీ పనికిరాని బొద్దింక. రెండో దాంట్లో ఉత్త పాచి. మూడో దాంట్లో అసలే లేవు. ఇదేమిటి. మొదటి విడతలో పిలవకుండా వచ్చి ఒళ్లో పడ్డవి ఇప్పుడు దీపం పెట్టి వెతికినా లేవు. ఏం పంపలేదో చూడండి మాస్టారూ. చూశారు. జలగలు లేవు, చిమటలు లేవు. ఎవరూ వాటిని తీసుకోరు, కాబట్టి తీసుకుని ఉండరు, కాబట్టి అసలు కట్టల్లోనే లేవు. కట్టలు కట్టిందెవరు. వారం పాటు పెట్టెను తన ఇంట్లో ఉంచుకుని కలిపి, కట్టలు కట్టుకొచ్చింది బావమరిదే. పెట్టెను చంకన పెట్టుకుని మెట్లు దిగుతూ, బరువుగానే ఉంది అక్క, అన్నాడు. ఆ మాటకు ఆ రోజు రాత్రంతా నిద్ర పట్టలేదు. ఇప్పుడు అర్థమవుతోంది. రోతగా ఉన్నవి, పనికిరానివి అని ఏరి పారేసి ఉంటాడు, చుట్టాలు వచ్చే ముందు ఇల్లు ఊడ్చినట్టు, నలుగురికీ పంచేవి కదా శుభ్రంగా ఉండాలని. చెత్తబుట్టలో పారేసి ఉంటాడు. ఆమె దాచిపెట్టిన దాన్ని చెత్తబుట్టలో. వాడి వైపు చూడబుద్ధి కాలేదు. పక్కనే వాడి మోకాలు ఊగుతోంది, ఏదో పాట గొణుగుతున్నాడు, సంతోషంగా ఉన్నాడు. ఆసుపత్రిలోనూ ఇలాగే మోకాలు ఊపుతూ మంచం పక్కన కూర్చునేవాడు. పరీక్షల రోజులు, తను పొద్దున్నే బడికి వెళ్లక తప్పేది కాదు, మధ్యాహ్నం వచ్చేసరికి అక్కాతమ్ముళ్లు ఏదో చెప్పుకుని నవ్వుతూ ఉండి, తను లోపలికి రాగానే ఆపేసేవాళ్లు. ఆమె పెదాల మీద నవ్వు ఇంకా ఆరకుండా ఉండేది. ఏమిటని తను అడగలేదు. చేతులు కడుక్కుని వస్తానని బయటికి వెళ్లేవాడు.

మూడో కట్ట. తనది తనే విప్పాలి, ఇందులో ఇంకా ఎవరి వేలూ పడలేదు, కట్టినవాడిది తప్ప. జరుపుతూ జరుపుతూ రెండు కార్డుల దగ్గర చేయి ఆగింది. ఒకటి గుడ్లగూబ. దాని వెనకే, బూడిద రంగులో, ఆవిరి లేస్తూ, పెంటకుప్ప.

పారేయలేదన్నమాట. లేక ఇది ఒక్కటీ వాడి కంట పడలేదన్నమాట. మాస్టారు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశారు. తీసుకునేది ఒక్కటే. పెంటకుప్ప తీసుకుంటే గుడ్లగూబ మరుక్షణం బావమరిది చేతిలో ఉంటుంది, వాడు గది అదిరేలా కేక పెడతాడు, దాన్ని నాలుక తడితో పైకెత్తి అందరికీ చూపిస్తాడు. ఆ దృశ్యం కళ్ల ముందుకు వచ్చి ఒళ్లు జలదరించింది. గుడ్లగూబ తీసుకుంటే? పెంటకుప్ప వాడికి వెళ్తుంది, వాడు ముక్కు మూసుకుని అవతలికి పంపుతాడు, ఆ అవతలివాళ్లు ఇంకా అవతలికి, బల్ల చుట్టూ తిరిగి ఆ కట్ట చిక్కిపోయి మళ్లీ తన దగ్గరికే వస్తుంది, ఎవరికీ అక్కర్లేనిది అందులోనే ఉంటుంది. ఆమె నేర్పిన మొదటి పాఠం అదే. తిరిగొచ్చేదాన్ని ముందే పట్టుకోకండి మాస్టారూ, ఎవరూ ముట్టుకోనిది చుట్టు తిరిగి మీ దగ్గరికే వస్తుంది. లెక్క సరిపోయింది. అయినా చేయి కదలలేదు. లెక్క కోసం కాదు తను గుడ్లగూబ తీస్తున్నది, వాడికి దక్కకూడదని తీస్తున్నది, ఆ తేడా తనకు తెలుసు. తెలిసే తీశారు. మిగతా కట్ట ఎడమకు జరిపారు.

ఆ కట్ట వైపు చూడకూడదనుకున్నారు. ఎదుటి గోడ మీద బల్లి ఒకటి దీపం చుట్టూ తిరుగుతోంది, దాన్ని చూశారు. డాక్టరు అందించినవి అందుకున్నారు, ఒకటి తీశారు, జరిపారు, ఏం తీశారో గుర్తులేదు. ఆమె చేతులు ఆఖరి రోజుల్లో చల్లగా ఉండేవి, వేళ్ల కొసల్లో అద్దాల పొడి తాలూకు గరుకు అప్పటికీ పోలేదు, తడితో తుడిచినా పోలేదు, నర్సు తుడుస్తూ, ఏం పని చేసేవారండీ అని అడిగింది. చేసేవారు. భూతకాలం. మాస్టారు సరిదిద్దలేదు. కట్టలు తిరుగుతున్నాయి. ఒకాయన దగ్గుతున్నాడు, చేయి అడ్డం పెట్టుకుని, ఆ చేత్తోనే. షాపాయన వచ్చి అందరికీ టీలు పెట్టి వెళ్లాడు, టీ కప్పు అంచున లిప్‌స్టిక్ మరక, ఎవరో కడిగీ కడగనట్టు. తాగలేదు. తన కట్ట అటు మూల నుంచి వస్తోంది, సన్నబడి, ఒక వేలి మందం ఉన్నది సగమయింది. డాక్టరు దగ్గరికి వచ్చింది. డాక్టరు ఒకటి తీసి, మిగతావి తనకు అందించాడు.

లేదు. మళ్లీ చూశారు. తొడుగులు ఒకదానికొకటి అంటుకున్నాయేమోనని విడదీసి చూశారు. ఎర్ర రంగు చెత్త ఉంది, నీలం చెత్త ఉంది, పెంటకుప్ప లేదు.

ఎవరో తీశారు. ఎవరు. ఎందుకు. ఇది కూడా పటం కట్టిస్తారా. పెంటకుప్పకు పటం. ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వచ్చారు మాస్టారు, క్లాసులో సుద్దముక్క పోయినప్పుడు చూసినట్టు, ఎవరి మొహంలోనూ ఏమీ లేదు, టీ తాగుతున్నారు. వీళ్లలో ఒకరు ఆమె గుర్తు కావాలని, చేతికి అందింది ఏదైతేనేం అని, చూడకుండా లాక్కున్నారు, ఇప్పుడది ఏ జేబులోనో చచ్చినట్టు పడి ఉంటుంది, దాన్ని ఏం చేయాలో కూడా తెలియనివాళ్ల దగ్గర. తన ముందున్న పురుగుల గుట్ట చూసుకున్నారు. జలగలు, చిమటలు, బూజు. లేచేదారి లేని పురుగులు. పైన గుడ్లగూబ, కళ్లు విప్పార్చుకుని, తననే చూస్తూ. ఇప్పుడు కావాలా ఇది. ఎందుకు తీశావు. కుర్చీ చేతులు పట్టుకున్నారు, చీలిక మళ్లీ గీసుకుంది.

ఏరడం అయిపోయింది, డెక్కులు కట్టుకోండి అన్నాడు షాపాయన. అందరూ కార్డులు బల్ల మీద పరిచారు. బావమరిది తన గుట్టను రంగుల వారీగా విడదీస్తున్నాడు, నాలుక, వేలు, నాలుక, వేలు. అటు చూడకూడదనుకున్నవారే చూశారు. బూడిద రంగు. వరుసగా బూడిద రంగు. చిమట, చిమట, జలగ, బూజు, జలగ. చివర వరుసకు పైన, విడిగా, ఆవిరి లేస్తున్న కార్డు.

వాడూ అదే క్షణంలో మాస్టారు ముందున్న గుట్ట చూశాడు. మోకాలు ఊగడం ఆగింది.

"ఇదేంటి బావా," అన్నాడు మెల్లగా. "సగం పురుగులు మీ దగ్గరున్నాయి. ఇంకా చాలట్లేదేంటా అని చస్తున్నాను ఇక్కడ."

"ఇది నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెబుతారు, అక్కే. ఆసుపత్రిలో. మీరు బడికి వెళ్లగానే మొదలుపెట్టేది, మీరొస్తే ఆపేది." వాడు గొంతు ఇంకా తగ్గించాడు. "పెట్టె దాచొద్దు, పంచెయ్ అంది. నా మాటగా చెబితే మీ బావ కూర్చుని దానికి అర్థాలు వెతుకుతాడు, నీ మాటగా చెప్పు, విసుక్కుంటాడు గానీ ఒప్పుకుంటాడు అంది. ఆయన్ని తీసుకెళ్లి నీ పక్కన కూర్చోబెట్టుకో, ఆయన ఆ రంగు ముట్టుకోడు, రోత, మొత్తం నీకే వస్తుంది అంది. నిజంగానే మీరు పెంటకుప్ప నా వైపు పంపారు. నాకు నవ్వాగలేదు. అక్క అన్నంత పనీ చేశారనుకున్నాను."

"గుడ్లగూబ కావాలన్నావు కదా."

"ఎవడికి కావాలి బావా అది. గుడ్లగూబ గుడ్లగూబ అని అరిస్తే అందరూ దాని కోసమే చూస్తారు, బూడిద రంగు మనకు వదిలేస్తారు. అదీ అక్క చెప్పిందే."

పక్కపక్కన కూర్చుని ఒకే రంగు ఏరడం డ్రాఫ్ట్‌లో అందరికంటే మూర్ఖులు చేసే పని, ఇద్దరికీ సగం సగం దక్కుతుంది, సగం డెక్కు డెక్కే కాదు. అది కూడా ఆమె చెప్పిందే, ఇద్దరికీ చెప్పే ఉంటుంది. తలా కొంచెం అన్నది ఆమె. మధ్యాహ్నమంతా తనకు రోత పుట్టించిన మాట ఆమెదే. కోపం వచ్చింది, ఆమె మీద, ఆమె పోయాక మొదటిసారి. ఇద్దరికీ అదే రహస్యం చెప్పి, ఇద్దరినీ ఎవరికీ చెప్పొద్దని చెప్పి, వాళ్లంతట వాళ్లు కనిపెట్టాలని చూస్తూ కూర్చునే మనిషి. ఆయన ముట్టుకోడు అందట. ముట్టుకోడని అంత నమ్మకం. గుట్ట వైపు చూసుకున్నారు. మధ్యాహ్నమంతా వాటినే ముట్టుకుంటూ ఉన్నారు, ఎప్పుడో తెలియకుండానే ఒళ్లోంచి జారిన రుమాలు కింద తివాచీ మీద పడి ఉంది.

బావమరిది తన పురుగుల్ని నెమ్మదిగా ఇటు జరపడం మొదలుపెట్టాడు. "మీరే ఆడండి బావా. మీకే ఎక్కువ తెలుసు. నేను వినడమే గానీ చూడలేదు దీన్ని, ఒక్కసారీ."

"నేను పట్టుకోలేదు, ఒక్కసారీ." మాస్టారు తన జలగలన్నీ, చిమటలన్నీ, బూజు, ఒక్కటీ ఉంచుకోకుండా వాడి వైపు తోశారు. వాడి గుట్టలోంచి బొద్దింకను మాత్రం తీసి పక్కన పెట్టారు. "ఇది వద్దు, తీసేసింది. నువ్వు ఆడు. నేను ఎదురు కూర్చుంటాను. నాకు దీని చేతిలో ఓడిపోవడమే తెలుసు."

లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్లి, వాడికి ఎదురుగా అప్పుడే ఖాళీ అయిన కుర్చీలో కూర్చున్నారు. ఆమె కుర్చీ ఖాళీగా ఉంది, ఎవరూ అటు వెళ్లలేదు. మిగిలిన చెత్తంతా కలిపి ఒక డెక్కు కట్టుకున్నారు, ఎర్రవీ నీలాలూ, ఒకదానికొకటి పొసగనివి, పైన గుడ్లగూబ. పాచిక ఇరవై మీద నిలబెట్టారు. బావమరిది కార్డులు కలిపి కలిపి కింద పెట్టాడు. మొదటి కార్డు తీయడానికి వేలు నాలుకకు అద్దుకున్నాడు. పూర్తిగా, తీరిగ్గా, పక్కలు కూడా తడిసేలా. జలగను ఎత్తి బల్ల మీద పెట్టాడు. పెట్టి, బొమ్మ కనబడేలా ఇటు తిప్పి, ఇంకాస్త దగ్గరికి జరిపాడు.

"ఒక చుక్క, బావా."

తడి తొడుగు మీద దీపం మెరిసింది. మాస్టారుకు అసహ్యం వేసింది, అచ్చం ఇంట్లో వేసినట్టే. చేయి చాపి పాచిక ఒక ముఖం తిప్పారు.